పక్కనున్న ప్రతిదీ కాంటాక్ట్ కాదు: హీమోగ్లోబిన్ ఫైల్ ముందు పెట్టుకుని కొన్ని మాటలు

నమస్కారం అండి అందరికీ. వెనక బెంచీల దాకా వినిపిస్తోంది కదా, వినపడకపోతే చెయ్యెత్తండి, మైకు ఇంకాస్త దగ్గరికి తీసుకుంటా.

ఇవాళ మాట్లాడుకునేది ప్రోటీన్ స్ట్రక్చర్లలో రెసిడ్యూల మధ్య కాంటాక్టుల గురించి. మీలో బయోకెమిస్ట్రీ వాళ్లున్నారు, కంప్యూటర్ సైన్స్ నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారని చెప్పారు, అందుకని రెండు వైపులవాళ్లకీ అందేలా చెప్పుకుంటూ వెళ్తాను. నేను చెప్పదలచుకున్నది నిజానికి ఒకటే, దాన్ని ముందే చెప్పేస్తా. ఒక స్ట్రక్చర్ ఫైల్ డౌన్‌లోడ్ చేసి నాలుగు లైన్ల పైథాన్ రాస్తే కాంటాక్టుల లిస్టు క్షణంలో వచ్చేస్తుంది, చాలా ప్రాజెక్ట్ రిపోర్టుల్లో ఆ లిస్టుకి రంగులేసి అక్కడితో ఆపేస్తున్నారు. అసలు పని ఆ లిస్టు వచ్చాకే మొదలవుతుంది. ఈ రెండు రెసిడ్యూలు దగ్గరగా ఉన్నాయి సరే, ఆ దగ్గరతనం వల్ల ఏం జరుగుతోంది, వాటిలో ఒకదాన్ని మార్చేస్తే ఏమవుతుంది, ఈ ప్రశ్నకి జవాబు వెతకనంత వరకూ ఆ లిస్టు ఒట్టి దూరాల పట్టిక, అంతే.

ఉదాహరణకి ఇవాళంతా రక్తంలో ఆక్సిజన్‌ని మోసే ప్రోటీన్ హీమోగ్లోబిన్నే పట్టుకుంటాను. ఎందుకంటే ఒకే ఒక్క కొత్త కాంటాక్ట్ వల్ల మనిషి ఒంట్లో ఎంత నరకం పుడుతుందో ఇంత స్పష్టంగా చూపించే ప్రోటీన్ ఇంకోటి నాకు తెలీదు. ఆ జబ్బు సికిల్ సెల్, ఎర్రరక్తకణాలు కొడవలిలా సాగిపోయే జబ్బు, మనకి దూరంగా ఎక్కడో లేదు కూడా, పాడేరు, అరకు ఏజెన్సీలోనూ, ఇటు ఆదిలాబాద్ వైపు గూడేల్లోనూ ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తా.

ముందు బేసిక్స్ కాస్త. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు అని అందరికీ తెలుసు, గొలుసులో చేరాక ఒక్కో అమైనో ఆమ్లాన్ని రెసిడ్యూ అంటాం. గొలుసు మడత పడ్డప్పుడు వరసలో ఎక్కడో 10వ నంబర్లో ఉన్నది, 90వ నంబర్లో ఉన్నది వచ్చి పక్కపక్కన చేరతాయి. ఆ చేరడాన్నే కాంటాక్ట్ అంటున్నాం. మరి ఎంత దగ్గరికొస్తే కాంటాక్ట్ అనాలి? ఇక్కడే గొడవ మొదలు. కొందరు సీ-ఆల్ఫా కార్బన్ల (గొలుసు వెన్నెముకలో, అంటే మెయిన్ చైన్‌లో ఉండేవి) మధ్య దూరం కొలుస్తారు, 7 లేదా 8 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఉంటే కాంటాక్ట్ అంటారు. స్ట్రక్చర్ ప్రెడిక్షన్ వాళ్లు, అంటే వరస చూసి ప్రోటీన్ ఆకారం ఊహించే కాస్ప్ పోటీల్లో పాల్గొనేవాళ్లు, సీ-బీటా (పక్కకి పొడుచుకొచ్చే సైడ్ చైన్‌లో మొదటి కార్బన్) నుంచి సీ-బీటాకి 8 ఆంగ్‌స్ట్రామ్‌లు తీసుకుంటారు, గ్లైసీన్‌కి సీ-బీటా ఉండదు కాబట్టి దానికి సీ-ఆల్ఫానే. ఇంకొందరు హైడ్రోజన్లు వదిలేసి మిగతా ఏ రెండు అణువుల (ఇక్కడ అణువు అంటే ఆటమ్) మధ్య అయినా 4.5 లేదా 5 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఉంటే కాంటాక్ట్ అంటారు. ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మిల్లీమీటర్లో కోటో వంతు, అంత చిన్న కొలతలో ఈ కటాఫ్‌ని అర ఆంగ్‌స్ట్రామ్ అటూ ఇటూ జరిపితే మీ లిస్టు చాలా మారిపోతుంది.

దీంట్లో ఏది కరెక్ట్ అని అడగొద్దు, దేనికోసం కొలుస్తున్నారో చెప్పమని మిమ్మల్నే నేను అడుగుతాను. మొత్తం మడత ఆకారం గురించి మాట్లాడాలంటే సీ-బీటా కటాఫ్ చాలు, బాగా పనిచేస్తుంది. కానీ ఒక మ్యుటేషన్ వల్ల, అంటే ఒక రెసిడ్యూ మారిపోవడం వల్ల, ఏం పోయిందో చెప్పాలంటే అది చాలదు. ఆర్జినీన్, లైసీన్ లాంటివాటికి సైడ్ చైన్ పొడుగు, వాటి సీ-బీటాలు 8 దాటి ఉన్నా చివర్లు వచ్చి తాకుతుంటాయి, అలాంటివి మీ లిస్టులో రానే రావు. ఇంకోవైపు సీ-బీటాలు 6 ఆంగ్‌స్ట్రామ్‌ల్లోనే ఉండి సైడ్ చైన్లు చెరో దిక్కూ తిరిగి ఉంటాయి, అవి లిస్టులో వస్తాయి కానీ వాటి మధ్య ఏమీ లేదు. ఆర్టీసీ బస్సులో ఒకళ్ల భుజం ఒకళ్లకి తగులుతూ నించున్నంత మాత్రాన వాళ్లు చుట్టాలైపోరు కదా, ఇదీ అంతే.

అందుకే కాంటాక్ట్ ఏ రకమో చూడాలి. ఒక్కోదానికి ఒక్కో కొలత. హైడ్రోజన్ బంధం అయితే ఇచ్చే అణువుకీ పుచ్చుకునే అణువుకీ మధ్య దూరం సుమారు 2.5 నుంచి 3.5 ఆంగ్‌స్ట్రామ్‌లు, దాంతోపాటు కోణం కూడా కుదరాలి. కోణం చూడకుండా దూరం ఒక్కటే చూసి హైడ్రోజన్ బంధం అని రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, దయచేసి మీరు అలా రాయొద్దు. 1983లో కాబ్ష్, సాండర్ తయారుచేసిన డీఎస్‌ఎస్‌పీ ప్రోగ్రామ్ అయితే దూరాల నుంచి ఒక ఎనర్జీ లెక్కకట్టి, అది మోల్‌కి మైనస్ 0.5 కిలోక్యాలరీ కంటే కిందకి వస్తేనే మెయిన్ చైన్‌లో హైడ్రోజన్ బంధం అంటుంది, హెలిక్స్ (గొలుసు స్ప్రింగులా చుట్టుకున్న భాగం), బీటా షీట్ (గొలుసు పోగులు, అంటే స్ట్రాండ్లు, పక్కపక్కన చేరిన పలక) అని మనం గీసుకునేవన్నీ దాని మీదే ఆధారపడ్డాయి. సాల్ట్ బ్రిడ్జ్, అంటే ఎదురెదురు చార్జుల మధ్య పట్టు, అయితే లైసీన్ లేదా ఆర్జినీన్ నైట్రోజన్‌కీ, ఆస్పార్టేట్ లేదా గ్లుటమేట్ ఆక్సిజన్‌కీ మధ్య 4 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు, ఇది బార్లో, థార్న్‌టన్ అదే 1983లో పెట్టిన కొలత, ఇప్పటికీ వాడుతున్నాం. రెండు సిస్టీన్ల మధ్య డైసల్ఫైడ్ అయితే అది నిజమైన కోవలెంట్ బంధం, 2.05 దగ్గర ఉంటుంది, దాని గురించి పెద్దగా వాదన ఉండదు. ఇక నీళ్లంటే పడని సైడ్ చైన్లు, వాలీన్, ల్యూసీన్, ఐసోల్యూసీన్, ఫెనైల్ అలనీన్, ఇవి ఒకదాని పక్కన ఒకటి చేరినప్పుడు దూరం కంటే కూడా ఎంత ఉపరితలం నీటికి కనపడకుండా దాక్కుంది అన్నదే ముఖ్యం. 1.4 ఆంగ్‌స్ట్రామ్‌ల వ్యాసార్థం ఉన్న ఒక గోళాన్ని నీటి మాలిక్యూల్ అనుకుని ప్రోటీన్ మీద దొర్లించి ఈ ఉపరితలాన్ని కొలుస్తారు. రెండు ముక్కల్ని విడివిడిగా కొలవండి, కలిపి కొలవండి, తేడా ఎంతో అంత దాక్కుంది అన్నమాట.

ఇక్కడ మన దక్షిణాది పని ఒకటి చెప్పుకోకుండా ముందుకెళ్లలేను. రామచంద్రన్ ప్లాట్ అందరూ పరీక్షల్లో గీసే ఉంటారు. 1963లో మద్రాసు యూనివర్సిటీలో జి.ఎన్. రామచంద్రన్, రామకృష్ణన్, శశిశేఖరన్ చేసింది అసలు ఏంటి? అణువులు ఒకదానికొకటి ఎంత దగ్గరికి రాగలవు అన్న పట్టిక ముందు పెట్టుకున్నారు, బంధం లేని రెండు కార్బన్లు మామూలుగా 3.2, మరీ ఒత్తితే 3.0 ఆంగ్‌స్ట్రామ్‌లు, రెండు హైడ్రోజన్లు 2.0, మరీ ఒత్తితే 1.9, ఇలా. గొలుసు వెన్నెముక మెలి తిరిగే ఫై, సై కోణాలు తిప్పుతూ పోయి ఎక్కడ అణువులు ఢీకొంటున్నాయో అక్కడ నిషేధం అని గీశారు. అంటే ఆ బొమ్మ కోణాల బొమ్మలా కనిపిస్తుంది కానీ లోపల ఉన్నది కాంటాక్టుల లెక్కే. గొలుసు ఎలా మడత పడకూడదో దగ్గరితనమే నిర్ణయిస్తుంది అని, ఇప్పుడున్నన్ని స్ట్రక్చర్లు లేని రోజుల్లో తేల్చిన మనిషి ఆయన. ఈ విషయం క్లాసుల్లో చెప్పకుండా కోణాలు బట్టీ పట్టించడం నాకు బాధగా ఉంటుంది.

సరే, లెక్క దగ్గరికి వద్దాం. హీమోగ్లోబిన్లో రెండు ఆల్ఫా గొలుసులు, ఒక్కోటి 141 రెసిడ్యూలు, రెండు బీటా గొలుసులు, ఒక్కోటి 146, మొత్తం 574. జంటలు ఎన్ని అని లెక్కేస్తే 1,64,451. అన్ని దూరాలూ కొలిచినా ఇప్పటి లాప్‌టాప్‌కి అది పనే కాదు, కానీ అణువుల స్థాయిలో, పైగా ప్రోటీన్ కదలికల్ని కంప్యూటర్లో నడిపే సిమ్యులేషన్ ఫ్రేములు వేలల్లో ఉంటే కష్టమవుతుంది, అప్పుడు కేడీ-ట్రీ లాంటిది వాడి దగ్గరున్నవాటినే వెతుకుతాం, బయోపైథాన్‌లో నైబర్ సెర్చ్ అని రెడీగానే ఉంది, సిమ్యులేషన్లకి ఎండీ అనాలిసిస్ ఉంది, కంప్యూటర్ వాళ్లు ఇది ఈజీగా పట్టేస్తారు.

వచ్చిన జంటల్ని చతురస్రం గళ్లలో చుక్కలుగా పెడితే కాంటాక్ట్ మ్యాప్. దీన్ని చదవడం నేర్చుకోండి, చాలా హాయిగా ఉంటుంది. మధ్యలో వాలుగా వెళ్లే గీతకి ఆనుకుని మందంగా ఒక పట్టీ కనిపిస్తే హెలిక్స్, ఎందుకంటే హెలిక్స్‌లో ఒక రెసిడ్యూ తన నుంచి నాలుగోదాన్ని పట్టుకుంటుంది. ఆ గీతకి అడ్డంగా, లంబంగా దూసుకెళ్లే చారలు కనిపిస్తే ఎదురుబొదురుగా నడిచే బీటా స్ట్రాండ్లు, గీతకి సమాంతరంగా దూరంగా ఉంటే ఒకే దిక్కున నడిచే స్ట్రాండ్లు. హీమోగ్లోబిన్ మ్యాప్‌లో మాత్రం హెలిక్స్ పట్టీలు, వాటి మధ్య అక్కడక్కడా చుక్కల గుంపులు, అంతే, బీటా షీట్ దీంట్లో లేదు. వరసలో పక్కపక్కన ఉన్నవి ఎలాగూ దగ్గరే ఉంటాయి కాబట్టి వాటిని తీసేయాలి, కాస్ప్ వాళ్లయితే వరసలో 24 లేదా అంతకన్నా ఎక్కువ దూరం ఉన్నవాటినే లాంగ్ రేంజ్ అంటారు. మడత గురించి ఎక్కువ సమాచారం ఇచ్చేవి అవే.

కాంటాక్ట్ ఉందా లేదా అని ఒకటీ సున్నా కాకుండా ఎంత బలంగా ఉంది అని కూడా కొలవచ్చు. బెంగళూరు ఐఐఎస్సీలో సరస్వతీ విశ్వేశ్వర గారి గ్రూపు ఈ దారిలో చాలా పని చేసింది. రెండు రెసిడ్యూల సైడ్ చైన్ల మధ్య 4.5 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఉన్న అణువుల జంటలెన్నో లెక్కపెట్టి, ఆ రెండు రకాల రెసిడ్యూలకి ఉన్న నార్మలైజేషన్ విలువల గుణకారానికి వర్గమూలం తీసి, దాంతో భాగించి, వందతో గుణిస్తారు. ఎందుకీ భాగహారం అంటే, ట్రిప్టోఫాన్ పెద్దది, దానికి ఎలాగూ ఎక్కువ అణువులు తగులుతాయి, అలనీన్ చిన్నది, ఇద్దరినీ ఒకే తూకంలో వేస్తే అలనీన్‌కి అన్యాయం. అలా వచ్చిన బలాల్ని బట్టి ప్రోటీన్‌ని ఒక నెట్‌వర్క్‌గా చూస్తే ఏ రెసిడ్యూ దగ్గర ఎక్కువ దారులు కలుస్తున్నాయో కనిపిస్తుంది. ఈ పని మీద ఆసక్తి ఉన్నవాళ్లు 1999లో కన్నన్, విశ్వేశ్వర రాసిన పేపర్ నుంచి మొదలుపెట్టండి, ఓపిగ్గా చదివితే అర్థమవుతుంది.

ఇప్పుడు ఫైల్ తెరిచే ముందు చూసుకోవాల్సినవి. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి.

ప్రోటీన్ డేటా బ్యాంక్ 1971లో ఏడు స్ట్రక్చర్లతో మొదలై ఇప్పుడు రెండు లక్షలు దాటింది. దాంట్లో ఆక్సిజన్ పట్టుకున్న మనిషి హీమోగ్లోబిన్ కావాలని 1హెచ్‌హెచ్‌ఓ అనే ఫైల్ తీసుకున్నారనుకోండి. దాంట్లో ఒక ఆల్ఫా, ఒక బీటా మాత్రమే ఉంటాయి, ఈ స్ట్రక్చర్ ప్రోటీన్‌ని క్రిస్టల్ కట్టి ఎక్స్-రేలతో తీసింది, క్రిస్టల్లో ఒకే ముక్క మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి ఒక్క ముక్కే రాస్తారు, మిగతా సగం ఆ క్రిస్టల్ సిమెట్రీతో కట్టుకోవాలి. ఆ సంగతి తెలీకుండా ఆ ఫైల్ మీదే కాంటాక్టులు లెక్కేస్తే హీమోగ్లోబిన్ పనితీరుకి గుండెకాయ లాంటి ఆల్ఫా1-బీటా2 సరిహద్దు, అంటే ఒక ఆల్ఫా-బీటా జత ఇంకో జతని ఆనుకునే చోటు, మీకు కనిపించనే కనిపించదు, పైగా అక్కడున్న రెసిడ్యూలు ఎవరినీ తాకకుండా బయట ఖాళీగా ఉన్నాయని రాసేస్తారు. ఆక్సిజన్ లేని రూపం 2హెచ్‌హెచ్‌బీ తీసుకుంటే నాలుగు గొలుసులూ ఉంటాయి. ఒకదాంట్లో నాలుగు, ఇంకోదాంట్లో రెండు పెట్టుకుని పోల్చి, ఆక్సిజన్ రాగానే ఇన్ని కాంటాక్టులు పోయాయి అంటే ఎంత ఘోరం. అందుకే ఎప్పుడూ బయలాజికల్ అసెంబ్లీ ఫైల్, అంటే గొలుసులన్నీ కట్టి ఉన్న పూర్తి రూపం, దించుకోండి.

దీనికి తలకిందులు సమస్య ఇంకోటి. క్రిస్టల్ కట్టేటప్పుడు ప్రోటీన్లు ఒకదానికొకటి ఆనుకుంటాయి, అది క్రిస్టల్ కోసం, శరీరంలో అలా ఉండాలని లేదు. ఆ ఆనుకున్న చోట కనిపించేది నిజమైన జత అని పొరపాటు పడే ప్రమాదం ఉంది. ఎంత ఉపరితలం దాక్కుంది, విడదీయడానికి ఎంత ఖర్చవుతుంది అని చూసి తేల్చడానికి పీసా అనే సర్వీసు ఉంది, అది సలహా ఇస్తుంది, తీర్పు ఇవ్వదు.

ఇంకా, 2 ఆంగ్‌స్ట్రామ్‌ల రిజల్యూషన్లో ఎక్స్-రే స్ట్రక్చర్లో హైడ్రోజన్లు కనపడవు, మనమే పెట్టుకోవాలి. ఆస్పరజీన్, గ్లుటమీన్ చివర ఒక ఆక్సిజన్, ఒక నైట్రోజన్ ఉంటాయి, ఎక్స్-రే నుంచి వచ్చే ఎలక్ట్రాన్ డెన్సిటీ మ్యాప్‌లో (ఇది కాంటాక్ట్ మ్యాప్ కాదు) ఆ రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి కాబట్టి తిరగేసి పెట్టేసిన ఫైళ్లు ఉంటాయి, అప్పుడు నిజమైన హైడ్రోజన్ బంధం మాయమై లేనిది ప్రత్యక్షమవుతుంది. రెడ్యూస్ అనే ప్రోగ్రామ్ ఈ తిరగబడ్డవాటిని పట్టుకుంటుంది. ఒకే సైడ్ చైన్ రెండు భంగిమల్లో రాసి ఉంటే రెండూ కలిపి లెక్కపెట్టొద్దు. బీ-ఫ్యాక్టర్ బాగా ఎక్కువున్న చోట, అంటే అణువు ఎక్కడుందో స్పష్టంగా తెలీని చోట, కాంటాక్ట్ ఉందని గట్టిగా చెప్పొద్దు.

నంబర్లు కూడా జాగ్రత్త. సికిల్ సెల్ మ్యుటేషన్‌ని పాత పద్ధతిలో బీటా 6, అంటే బీటా గొలుసులో ఆరో చోటు, అంటాం, జెనెటిక్స్ రిపోర్టులో 7 అని ఉంటుంది, రెండూ ఒకటే, మొదటి మెథియొనీన్‌ని లెక్కేశారా లేదా అన్నదే తేడా. ల్యాబ్ రిపోర్ట్ చూసి స్ట్రక్చర్లో 7వ రెసిడ్యూ తెరిస్తే అక్కడా గ్లుటమేటే ఉంటుంది, అనుమానం కూడా రాదు. 6లోనూ గ్లుటమేటే, 7లోనూ గ్లుటమేటే. కాబట్టి చుట్టుపక్కల వరస కూడా సరిపోల్చుకోండి.

ఇక అసలు కథ. హీమోగ్లోబిన్ ఆక్సిజన్ లేనప్పుడు ఒక ఆకారంలో ఉంటుంది, టీ అంటాం, ఆక్సిజన్ పట్టుకున్నాక ఇంకో ఆకారం, ఆర్. ఒక ఆల్ఫా-బీటా జత ఇంకో జతతో పోలిస్తే సుమారు 15 డిగ్రీలు తిరుగుతుంది. మాక్స్ పెరుట్జ్ జీవితమంతా దీని మీదే పెట్టాడు, కెండ్రూతో కలిసి 1962లో నోబెల్ వచ్చింది, ఆ తర్వాత 1970లో ఈ రెండు ఆకారాల మధ్య ఏ కాంటాక్టులు పుడుతున్నాయి, ఏవి తెగుతున్నాయి అని ఒక్కొక్కటీ చెప్పాడు. టీ ఆకారంలో గొలుసుల చివర్లు సాల్ట్ బ్రిడ్జిలతో కట్టిపడేసి ఉంటాయి. ఉదాహరణకి బీటా చివరున్న 146 హిస్టిడీన్, తన సొంత గొలుసులో 94 ఆస్పార్టేట్‌ని ఒకవైపు, ఆల్ఫాలో 40 లైసీన్‌ని ఇంకోవైపు పట్టుకుని ఉంటుంది. ఆర్‌కి మారగానే ఈ పట్టు వదిలిపోతుంది. సరిహద్దులో బీటా 97 హిస్టిడీన్ అయితే టీలో ఆల్ఫా 41 త్రియొనీన్‌కీ 44 ప్రోలీన్‌కీ మధ్య ఇరుక్కుని ఉంటుంది, ఆర్‌లో హెలిక్స్ ఒక మలుపు జరిగి 38కీ 41కీ మధ్యలో కూర్చుంటుంది. మధ్యలో ఆగే చోటు లేదు, ఇక్కడైనా ఉండాలి అక్కడైనా ఉండాలి.

ఇంత వివరంగా ఎందుకు నమ్మాలి అంటే, ప్రకృతి ఆ ప్రయోగం చేసి పెట్టింది కాబట్టి. టీలో ఆల్ఫా 42 టైరోసీన్, బీటా 99 ఆస్పార్టేట్ మధ్య ఒక హైడ్రోజన్ బంధం ఉంది. ఆర్‌లో అది పోయి ఆల్ఫా 94 ఆస్పార్టేట్, బీటా 102 ఆస్పరజీన్ మధ్య ఇంకోటి వస్తుంది. హీమోగ్లోబిన్ కెంప్సీ ఉన్నవాళ్లలో 99 మారిపోయింది, టీని పట్టి ఉంచే బంధం పోయింది, అందుకని వాళ్ల హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని గట్టిగా పట్టుకుని వదలదు. హీమోగ్లోబిన్ కాన్సస్‌లో 102 మారింది, ఆర్‌ని నిలిపే బంధం పోయింది, అది ఆక్సిజన్‌ని సరిగ్గా పట్టుకోలేదు. చూడండి, లిస్టులో ఉన్న రెండు లైన్లు, ఒకటి తీసేస్తే ఒక వైపు ఒరిగింది, ఇంకోటి తీసేస్తే ఎదురు వైపు ఒరిగింది. కాంటాక్ట్ అంటే ఇది. రోగుల రక్తంలో కనిపించిన తేడాకీ స్ట్రక్చర్లో కొలిచిన దూరానికీ ఇలా లంకె కుదిరినప్పుడు కలిగే సంతోషం వేరు.

ఇప్పుడు సికిల్ సెల్. 1949లో పాలింగ్, ఆయనతో పనిచేసినవాళ్లు ఈ జబ్బున్నవాళ్ల హీమోగ్లోబిన్ విద్యుత్ క్షేత్రంలో వేరేగా కదులుతోందని చూపించి దీన్ని మాలిక్యులర్ డిసీజ్ అన్నారు. తర్వాత కొన్నేళ్లకి వెర్నన్ ఇన్‌గ్రమ్ తేడా ఎక్కడో పట్టుకున్నాడు, బీటా గొలుసులో ఆరో చోట గ్లుటమేట్ ఉండాల్సింది వాలీన్ ఉంది. మన దేశంలో 1952లో నీలగిరి గిరిజనుల్లో మొదటిసారి దీన్ని గుర్తించారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆలోచించండి. ఆరో చోటు ప్రోటీన్ ఉపరితలం మీద ఉంది. మామూలు హీమోగ్లోబిన్ ఫైల్లో ఆ గ్లుటమేట్‌కి కాంటాక్టులు లెక్కేస్తే చెప్పుకోదగ్గవి పెద్దగా రావు, నీళ్లలోకి చూస్తూ కూర్చుని ఉంటుంది. కాంటాక్టులు తక్కువ కాబట్టి మార్చినా ఏం కాదు అని మీ ప్రోగ్రామ్ చెప్తుంది. వాలీన్ పెట్టాక స్ట్రక్చర్ తీసినా హీమోగ్లోబిన్ మడత దాదాపు అలాగే ఉంటుంది. మరి జబ్బు ఎక్కణ్ణించి వచ్చింది? ఒక హీమోగ్లోబిన్ లోపల పోయిన కాంటాక్ట్ వల్ల కాదు, రెండు హీమోగ్లోబిన్ల మధ్య కొత్తగా పుట్టిన కాంటాక్ట్ వల్ల. పక్క హీమోగ్లోబిన్ బీటా గొలుసు మీద 85 ఫెనైల్ అలనీన్, 88 ల్యూసీన్ కలిసి ఒక నూనెగుంట లాంటి జాగా ఉంది, ఈ వాలీన్ వెళ్లి దాంట్లో కూర్చుంటుంది. గ్లుటమేట్‌కి చార్జ్ ఉంది, అలాంటి చోటికి అది పోదు. వాలీన్‌కి నీళ్లలో ఉండటం కంటే అక్కడ ఉండటమే సుఖం.

దీని హై రిజల్యూషన్ స్ట్రక్చర్ 1997లో వచ్చింది, ఫైల్ పేరు 2హెచ్‌బీఎస్, 2.05 ఆంగ్‌స్ట్రామ్‌లు, దాంట్లో రెండు హీమోగ్లోబిన్లు, అంటే ఎనిమిది గొలుసులు ఉంటాయి. తెరిచి ఆ వాలీన్లని వెతకండి. ఒక హీమోగ్లోబిన్లో అలాంటి వాలీన్లు రెండు ఉన్నా, పక్కదాని గుంటలోకి వెళ్లేది ఒకటే, రెండోది ఆ పని చేయదు, ఇది చాలామందికి ఆశ్చర్యం. ఇలా జతలు జతలుగా అతుక్కుంటూ పోయి పద్నాలుగు పేటల తాడులాగా పేనుకుంటాయి, ఆ తాళ్లు ఎర్రకణాన్ని లోపల్నుంచి పొడుచుకుని కొడవలిలా సాగదీస్తాయి. ఆక్సిజన్ వదిలేశాక, టీ ఆకారంలోనే ఇది జరుగుతుంది. ఆర్ ఆకారంలో జతలు తిరిగి ఉంటాయి కాబట్టి మిగతా ఆనుకునే చోట్లు ఒకదానికొకటి కుదరవు, తాడు నిలవదు. ఎర్రకణంలో హీమోగ్లోబిన్ ఎంత కిక్కిరిసి ఉంటుందో తెలుసా, 100 మిల్లీలీటర్లకి 33 గ్రాముల పైమాటే. అంత ఒత్తిడిలో ఒక్క బలహీనమైన కాంటాక్ట్ చాలు. ఆ కణం ఒంట్లో నీరు తగ్గి కాస్త చిక్కబడినా తాళ్లు కట్టడం విపరీతంగా వేగం పెరుగుతుంది. సికిల్ సెల్ ఉన్న పిల్లలకి నీళ్లు బాగా తాగించమని డాక్టర్లు పదే పదే చెప్పేది ఇందుకే.

అదే ఆరో చోట లైసీన్ వస్తే హీమోగ్లోబిన్ సీ, పశ్చిమ ఆఫ్రికాలో ఎక్కువ. లైసీన్‌కీ చార్జ్ ఉంది కాబట్టి ఆ గుంటలోకి పోదు, సికిల్ జబ్బు లాంటిది దాని ఒక్కదాంతో రాదు. చోటు ఒకటే, వచ్చినది వేరు, ఫలితం వేరు. ఇంకోటి, హీమోగ్లోబిన్ డీ-పంజాబ్, బీటా 121లో గ్లుటమేట్ బదులు గ్లుటమీన్. ఒక్కటే ఉంటే మనిషికి పెద్ద ఇబ్బంది ఉండదు, కానీ తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి ఎస్, అంటే సికిల్ హీమోగ్లోబిన్, ఇంకొకరి నుంచి డీ వస్తే సికిల్ జబ్బు తీవ్రంగా వస్తుంది, ఎందుకంటే 121 కూడా ఆ తాడులో హీమోగ్లోబిన్లు ఆనుకునే చోటే ఉంది. వాలీన్ ఒక్కదాన్నే చూస్తూ కూర్చుంటే ఈ సంగతి అర్థం కాదు, తాడులో ఉన్న కాంటాక్టులన్నీ రాసుకోవాలి.

ఇక నాకు బాగా ఇష్టమైన రెసిడ్యూ, బీటా 87. గుంటకి గోడలైన 85, 88 మధ్యలోనే ఉంది. బీటాలో అక్కడ త్రియొనీన్, తల్లి కడుపులో ఉన్నప్పుడు మనకుండే హీమోగ్లోబిన్ ఎఫ్‌లో, దాని గామా గొలుసులో, అక్కడ గ్లుటమీన్ ఉంటుంది. గ్లుటమీన్ పెద్దది, ఆ గుంట దగ్గర కుదరకుండా చేస్తుంది. ఎఫ్ ఎక్కువున్నవాళ్లకి సికిల్ జబ్బు తేలికగా ఉండటానికి ఇదొక ముఖ్య కారణం. మన దేశంలో ఎక్కువగా కనిపించే అరబ్-ఇండియన్ హాప్లోటైప్ (కలిసి వారసత్వంగా వచ్చే జీన్ తేడాల గుంపు) ఉన్నవాళ్లలో ఎఫ్ కాస్త ఎక్కువ ఉంటుంది, హైడ్రాక్సీయూరియా మందు పనిచేసేదీ ముఖ్యంగా ఎఫ్‌ని పెంచే. 2023 డిసెంబర్‌లో అమెరికాలో మందులకి అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ రెండు జీన్ థెరపీలకి అనుమతి ఇచ్చింది, వాటిలో లిఫ్‌జీనియా అనేదాంట్లో పెట్టే జీన్ మామూలు బీటా గొలుసే, ఒక్క 87లో మాత్రం త్రియొనీన్ తీసి గ్లుటమీన్ పెట్టారు. కాంటాక్ట్ లిస్టులో ఒక లైన్ చదివి దాన్నే మందుగా మార్చారు. ఖర్చు మాత్రం మన గూడేల్లో వాళ్లు ఊహించలేనంత, అది నన్ను కలచివేసే విషయం. ఇక్కడ 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్‌లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి, 7 కోట్ల మందికి పరీక్షలు చెయ్యాలని లక్ష్యం. మీలో ఎవరైనా ఆ ఊళ్లవాళ్లు ఉంటే పరీక్ష చేయించుకోమని ఇంట్లో చెప్పండి.

టైమ్ అయిపోతోంది, ఒకట్రెండు ప్రశ్నలు తీసుకుందాం. ఆ, చెప్పమ్మా.

(ప్రశ్న: సార్, ఇప్పుడు ఆల్ఫాఫోల్డ్ వచ్చింది కదా, ఇంకా మనం ఇలా కూర్చుని కాంటాక్టులు చూడటం అవసరమా?)

మంచి ప్రశ్న అడిగావమ్మా. ముందు ఒక సంగతి, వరస ఇస్తే ప్రోటీన్ ఆకారం ఊహించే ఈ ఏఐ ప్రోగ్రామ్ ఆల్ఫాఫోల్డ్ కూడా కాంటాక్టుల మీద నడిచిన దారిలోంచే వచ్చింది. రెండు రెసిడ్యూలు తాకుతూ ఉంటే, పరిణామంలో ఒకటి మారినప్పుడు రెండోది కూడా దానికి తగ్గట్టు మారుతుంది. వేల జీవుల నుంచి అదే ప్రోటీన్ వరసలు తెచ్చి పక్కపక్కన పెడితే ఈ జంట మార్పులు కనిపిస్తాయి. కాకపోతే ఒకటి రెండుని తాకి, రెండు మూడుని తాకితే, ఒకటీ మూడూ కూడా కలిసి మారినట్టు కనిపిస్తాయి, ఈ పరోక్షాన్ని ప్రత్యక్షం నుంచి విడదీసే పద్ధతులు 2009 నుంచి 2011 మధ్యలో గట్టిపడ్డాయి, డైరెక్ట్ కప్లింగ్ అంటారు. ఆ కాంటాక్ట్ మ్యాపుల్నే న్యూరల్ నెట్‌వర్క్‌లతో ఇంకా బాగా ఊహించడం, తర్వాత ఉందా లేదా అని కాకుండా దూరం ఎంతో ఊహించడం, అది 2018లో మొదటి ఆల్ఫాఫోల్డ్, 2020లో రెండోది మొత్తం కాస్ప్ పోటీనే మార్చేసింది, 2024లో నోబెల్ కూడా వచ్చింది. అద్భుతమైన పని, నేను రోజూ వాడతాను.

కానీ నువ్వు ఇంటికెళ్లి ఒక పని చెయ్యి. బీటా గొలుసు వరస తీసుకుని ఆరో చోట వాలీన్ పెట్టి దానికి ఇవ్వు. మామూలు బీటా గొలుసు ఇచ్చినప్పుడు వచ్చిన ఆకారమే దాదాపు వస్తుంది, అది తప్పు కూడా కాదు, నిజంగానే ఆ గొలుసు ఆకారం అదే. జబ్బు ఆ గొలుసు ఆకారంలో లేదు కదా. ఆక్సిజన్ లేనప్పుడు, కిక్కిరిసిన కణంలో, పక్క హీమోగ్లోబిన్ మీద ఉన్న గుంటలో ఉంది. ఎక్కడ వెతకాలో నువ్వు అడిగితేనే ఏ ప్రోగ్రామ్ అయినా చెప్తుంది. అందుకని 2హెచ్‌హెచ్‌బీ, 2హెచ్‌బీఎస్ రెండూ దించుకో, రెండింట్లోనూ బీటా 6కి 5 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఎవరెవరున్నారో లిస్టు తియ్యి, రెండో ఫైల్లో సిమెట్రీ కాపీలు కూడా కట్టుకో, వేరే హీమోగ్లోబిన్ నుంచి వచ్చినవాటిని వేరే రంగులో రాసుకో. 85, 88 కనిపిస్తే, వాటి పక్కనే 87 ఎటు చూస్తోందో గమనించు, దాన్ని గ్లుటమీన్‌గా మార్చి ఎక్కడ ఢీకొంటోందో చూడు. వచ్చే వారం ల్యాబ్‌లో నీ లిస్టు పట్టుకుని రా, దాని మీద కూర్చుని మాట్లాడుకుందాం.